ఫ్లెక్సు మీది గురువమ్మ

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న మా రాయగడలో ఎవరి పుట్టినరోజు వచ్చినా, ఎవరి పెద్దకర్మ జరిగినా, ఏ నాయకుడు ఊళ్ళోకి దిగినా ఆ ఫ్లెక్సు మీది బొమ్మ వీణ చేతుల్లోంచి వెళ్ళాల్సిందే. పాత బస్టాండు వెనక సందులో మనోరంజన్ అనే ఆయనకి ఫ్లెక్సు దుకాణం ఉంది. వీణ అక్కడ పదకొండేళ్ళుగా డిజైనరు. నేను రైల్వేలో ఉన్న రోజుల్లో మా యూనియన్ బ్యానర్లు అక్కడే కొట్టించేవాళ్ళం. ఆమె భర్త కూర్మారావు నాతోపాటే సిగ్నల్ విభాగంలో పనిచేసేవాడు. ఇప్పుడు నేను చెప్పే సంగతుల్లో కొన్ని నేను కళ్ళారా చూసినవి. చాలావరకు తర్వాత వీణే చెప్పింది.

వీణ మనిషి సన్నం, మాట తక్కువ. చచ్చిపోయిన వాళ్ళని కాస్త తెల్లగా చేయమని, బతికున్న నాయకులకి జుట్టు నల్లగా చేయమని జనం అడిగేవారు. నవ్వకుండా అడిగినట్టే చేసి ఇచ్చేది. ఆమె లోపల ఇంకో మనిషి ఉందని నాకు చాలాకాలం తెలియలేదు. ఆ మనిషి పేరు గురువమ్మ.

గురువమ్మ వీణకి అమ్మమ్మ. పార్వతీపురం వైపు నుంచి పెళ్ళయి రాయగడ వచ్చి ముప్పై ఏళ్ళకి పైగా ఈ ఊరి వీధులు ఊడ్చింది. నోట్లో అడ్డచుట్ట, చంకలో చీపురు, మోకాళ్ళ దాకా ఎత్తి కట్టిన చీర. పొద్దున్నే ఒక్కొక్క గుమ్మం ముందూ ఆగి ఆ ఇంటి గురించి ఒక మాట అనేది. ఆ మాట సాయంత్రానికి వీధంతా తిరిగేది. "ఎంగిలి విస్తరి ఎత్తినోళ్ళకి ఆ ఇంటి గుట్టు తెలీదేటి" అనేదట. వీణ చిన్నప్పుడే తల్లి పోయింది. అమ్మమ్మ దగ్గరే పెరిగింది. ముసలావిడ పోయి పద్నాలుగేళ్ళయింది.

కరోనా రోజుల్లో దుకాణం మూతపడి ఇంట్లో కూర్చున్నప్పుడు వీణ ఫోన్లో వేలితో ఆమె బొమ్మ గీసింది. పక్కన ఒక మాట రాసింది. రాసింది తెలుగు మాటే, అక్షరాలు మాత్రం ఒడియావి. ఇక్కడ పుట్టి పెరిగిన మనవాళ్ళలో చాలామందిది ఇదే అవస్థ. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. మాట వస్తుంది, రాత రాదు. వీణ తన పేరు పెట్టకుండా ఫేస్‌బుక్కులో "గురువమ్మ" అని ఒక పేజీ తెరిచి ఆ బొమ్మ పెట్టింది. అది అర్థం కావాలంటే తెలుగు మాట్లాడాలి, ఒడియా చదవాలి. అలాంటివాళ్ళు రాయగడలో, కోరాపుట్‌లో, జేకేపూర్ మిల్లు కాలనీలో, మాచ్‌ఖండ్ క్వార్టర్లలో చాలామందే ఉన్నారు. వాళ్ళకది సొంత పత్రికలా అయిపోయింది.

ఒకే కాలవకి ముగ్గురు నాయకులు మూడుసార్లు శంకుస్థాపన చేస్తే గురువమ్మ చుట్ట తీసి, "మూడు కొబ్బరికాయలు కొట్టేరు గాని ఒక్క పార ఎయ్యలేదు" అంది. ఎక్కడో దూరదేశంలో ఆసుపత్రి మీద బాంబులు పడ్డాయని వార్త వస్తే, కూలిన గోడల ముందు చీపురు పట్టుకుని నిలబడి, "ఇదంతా ఎవులు తుడుస్తారు?" అని అడిగింది. ఆ బొమ్మ చూసి నేను కాసేపు ఫోను కింద పెట్టేశాను. గీసింది కూర్మారావు పెళ్ళామని అప్పటికి నాకు తెలియదు. దూరపు యుద్ధం కాబట్టి దాని మీద ఎవరికీ కోపం రాలేదు. మెచ్చుకున్నారు, ఒకరికొకరు పంపుకున్నారు.

యుద్ధం మన సరిహద్దుకే వచ్చింది, మొన్నటి మే నెలలో.

వీణ పిన్ని, గురువమ్మ చిన్న కూతురు బంగారమ్మ కోరాపుట్‌లో ఉంటుంది. ఒక హాస్టల్లో వంట చేస్తుంది. భర్త లేడు. ఒక్కడే కొడుకు మోహిత్, సైన్యంలో చేరి ఆరేళ్ళు. అతని పోస్టింగు అప్పుడు సరిహద్దుకి దగ్గరలోనే. రెండురోజులుగా అతని ఫోను కలవకపోయేసరికి బంగారమ్మ అన్నం మానేసింది. పక్కింటివాళ్ళు ఫోను చేస్తే వీణ సెలవు పెట్టి రైలెక్కింది.

వెళ్ళిన రోజు సాయంత్రం నాలుగింటికి కోరాపుట్‌లో సైరన్లు మోగాయి. యుద్ధం వస్తే ఏం చేయాలో జనానికి నేర్పే కసరత్తు అది, ముందే చాటింపు వేశారు కూడా. అదే సమయానికి ఇంట్లో టీవీలో కూడా సైరను మోగుతోంది. ఏ సైరను ఎక్కడిదో బంగారమ్మకి తెలియలేదు. వంటగదిలో గోడవారగా కూలబడి చెవులు మూసుకుంది. వీణ తలుపులు, కిటికీలు వేసి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. బయట సైరను ఆగిపోయింది, టీవీలోది ఆగలేదు. తెరమీద ఒక కుర్రాడు సూటూ బూటూ వేసుకుని, వెనక బొమ్మ ట్యాంకు పెట్టుకుని, ఇంకా ముందుకి వెళ్ళాలి, ఆగకూడదు, ఇవాళే తేల్చెయ్యాలని గుండెలు బాదుకుంటున్నాడు.

బంగారమ్మ లేచి వచ్చింది. చేతిలో గరిటె ఉంది. టీవీ ముందు నిలబడి చాలా మర్యాదగా అంది: "నువ్వెల్లు బాబూ ముందు. మా గుంటడు నీ ఎనకాలొస్తాడు."

వీణకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. ఆమెని చూసి బంగారమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఆ రోజు ఇద్దరూ కాస్త అన్నం తిన్నారు.

మర్నాడు పొద్దున్న వీణ రాయగడ రైలెక్కింది. ఆ దారిలో సొరంగాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వెలుగొచ్చినప్పుడు గీసింది, చీకట్లో ఆగింది. బొమ్మలో ఎడమవైపు టీవీ, అందులో ఇనప టోపీ పెట్టుకుని అరుస్తున్న సూటు మనిషి. మధ్యలో గురువమ్మ, టీవీకేసి చీపురు చాపి. కుడివైపు ఆమె వెనక, భుజాన సంచీతో ఒక జవాను. జవానుకి మోహిత్ చెవులే పెట్టింది, పక్కకి పొడుచుకొచ్చే చెవులు. బంగారమ్మ టీవీతో అన్న మాటే కింద రాసింది. స్టేషన్లో దిగేసరికి బొమ్మ పేజీలో పెట్టేసింది.

ఆ రోజంతా బాగానే ఉంది. ఎంతోమంది నవ్వారు. జవాన్ల ఇళ్ళవాళ్ళు చేతులెత్తి దండం పెట్టిన గుర్తులు పంపారు. కూర్మారావు మా రెస్ట్ రూములో ఆ బొమ్మ చూపించి, గీసింది తన భార్యేనని మొదటిసారి నాతో చెప్పాడు. అతని ముఖంలో గర్వం నేను చూశాను.

ఆ మర్నాటికి బొమ్మ సగమైపోయింది. ఎవరు కత్తిరించారో ఇప్పటికీ తెలియదు. టీవీ ఉన్న ఎడమ ముక్క పోయింది. చీపురు ఉన్న ముసలమ్మ, ఆమె వెనక జవాను మాత్రం మిగిలారు. అంతే కాదు, ముసలమ్మని మాత్రం కుడిఎడమలు తిప్పి, జవాను ఆమె ఎదట ఉండేలా చేశారు. ఇప్పుడు చీపురు జవాను ముఖం మీదికి ఉంది. కింద ఒడియాలో, "దేశమంతా జవాన్లకి హారతి పడుతుంటే మన రాయగడలో చీపురు చూపిస్తున్నారు" అని రాశారు. అసలు మాటలు కూడా పక్కనే ఉన్నాయి. అక్షరాలు ఒడియావి కాబట్టి అందరూ చదివారు. మాట తెలుగు కాబట్టి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పారు. పొమ్మంటోందని ఒకరు, తిడుతోందని ఒకరు. అర్థం తెలిసిన మనవాళ్ళు వందలమంది ఉన్నారు ఊళ్ళో. ఒక్కరూ బయటికి అనలేదు. నేనూ అనలేదు. పింఛను కాయితాలు తిరుగుతున్న రోజులవి, మనకెందుకులే అనుకున్నాను. ఆ సంగతి ఇప్పుడు చెప్పకపోతే ఈ కథ చెప్పే హక్కు నాకుండదు.

మోహిత్‌తో చదువుకున్నవాడెవడో ఆ చెవులు గుర్తుపట్టాడు. మధ్యాహ్నానికి మోహిత్ పేరు బయటికొచ్చింది, ఆ వెంటనే వీణ పేరు. మూడింటికల్లా దుకాణం ముందు నలభైమంది చేరారు.

మనోరంజన్ షట్టరు కిందికి లాగేశాడు. లోపల ఆయన, వీణ, నడుస్తున్న మిషను. మే నెల ఎండ, రేకు షట్టరు, సిరా వాసన. మిషను ఆపడానికి లేదు. ఆపితే మధ్యలో గీత పడి ఫ్లెక్సు పాడవుతుంది. అది బయట అరుస్తున్నవాళ్ళు పొద్దున్న ఇచ్చిన ఆర్డరే. అడుగు అడుగు చొప్పున విమానం రెక్క, దాని కింద నిప్పులు బయటికొస్తున్నాయి. షట్టరు మీద దెబ్బలు పడుతున్నాయి. ఒక గొంతు, ఊడ్చేదాని మనవరాలికి చీపురు కాక ఇంకేం తెలుస్తుందని అంది. ఆ మాట మాత్రం వీణకి స్పష్టంగా వినపడింది.

మనోరంజన్ చెడ్డవాడు కాదు. నీళ్ళసీసా ఆమె చేతికిచ్చి, నీ మీద నాకు కోపం లేదమ్మా, కానీ ఈ మిషను బ్యాంకుది, అద్దాలు నావి, నువ్వే ఏదో ఒకటి చెప్పి వాళ్ళని పంపించమని బతిమాలాడు. టీవీ ముక్క గురించి చెబుదామంటే వినడానికి అక్కడెవరూ రాలేదు. రెండు గంటలు అలాగే నిలబడిపోయింది. కూర్చోవడానికి కుర్చీ ఉంది, కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని భయమేసిందట.

అయిదింటికి దేబాశిష్ వచ్చాడు. ఊళ్ళో యువజన సంఘం నాయకుడు, ముప్పై దాటని మనిషి. అతని పుట్టినరోజు ఫ్లెక్సులు ఏటా వీణే చేస్తుంది. బయటివాళ్ళని మాటతో పక్కకి పంపి షట్టరు సగం ఎత్తించి వంగి లోపలికొచ్చాడు. కోప్పడలేదు. మనం అక్కని అప్పా అన్నట్టు, ఒడియాలో "నానీ" అనే పిలిచాడు. తప్పులు అందరూ చేస్తారన్నాడు. పోలీసుల దాకా వెళ్ళకుండా చూసే పూచీ తనదన్నాడు. మూడు పనులు చేయాలన్నాడు. పేజీ తీసెయ్యాలి. జవాను తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని క్షమాపణ వీడియో ఇవ్వాలి. వచ్చేవారం జవాన్లకి మద్దతుగా తీసే యాత్రకి గురువమ్మ బొమ్మతో పెద్ద ఫ్లెక్సు చేయాలి, అందులో ఆ ముసలమ్మ జవాన్లని దీవించాలి.

"తప్పు మాట ఆవిడ నోటితోనే వచ్చింది కదా, మంచి మాటా ఆవిడ నోటితోనే రావాలి" అన్నాడు. బెదిరింపులా లేదు. నిజంగా ఆమెకి మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

ఇంటికెళ్ళేసరికి కాలనీ కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాటలాపి దారి ఇచ్చారు. రోజూ బిందె అడ్డం పెట్టి పోట్లాడేవాళ్ళు ఆ వేళ ముందు నువ్వు పట్టుకోమన్నారు. అది తిట్టుకన్నా ఎక్కువ తగిలిందని చెప్పింది వీణ. కూర్మారావు కిటికీలు మూసి, ఫ్యాను తిప్పకుండా కూర్చున్నాడు. ఆఫీసులో అప్పటికే ఇద్దరు అడిగారు, ఆ బొమ్మ మీ ఇంట్లోదేనా అని. అతను కాదనలేదు, అవుననలేదు. సంతకం పెట్టి వచ్చేశాడు.

"నాను నిన్ను తప్పన్ను" అన్నాడు భార్యతో. "నాకు నవ్వొచ్చింది, నవ్వేను కూడా. గాని బయట నిలబడి ఆ మాట సెప్పడానికి నాకు దమ్ము నేదు. అదే నిజం."

ఆమె సరే అంది. అతన్ని తిట్టాలనిపించలేదు. అతను నిజం చెప్పాడు కాబట్టి ఇంకేమీ అడగడానికి లేకుండా పోయిందని మాత్రం అనిపించింది.

పేజీ ఆ పూటే తీసేసింది. అయిదేళ్ళ బొమ్మలు, నాలుగొందల పైచిలుకు. మీట నొక్కితే, ముప్పై రోజుల్లోగా మనసు మార్చుకోవచ్చని ఫోను చెప్పింది. ఆ ముప్పై రోజులూ రోజుకోసారి చూసుకునేదట.

మర్నాడు బంగారమ్మ కోరాపుట్ నుంచి వచ్చింది. అప్పటికి కాల్పులు ఆగిపోయాయి. మోహిత్ ఫోను కలిసింది, బాగానే ఉన్నానన్నాడు. కానీ ఆమె ముఖంలో ఆ సంతోషం నిలవలేదు. వచ్చీ రాగానే వీణ రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మీ, ఆళ్ళేటి సెప్పమంటే అది సెప్పీ. ఆడి ఉద్యోగానికి ఏటైనా అయితే నాను బతకను."

వీడియో వీణ ఇంట్లోనే తీశారు. దేబాశిష్, అతనితో ఇద్దరు. గోడకి జెండా కట్టి దాని ముందు పిన్నినీ వీణనీ కూర్చోబెట్టారు. నాలుగుసార్లు తీయాల్సి వచ్చింది. మొదటిసారి వీణ చేతులు జోడించడం మరిచిపోయింది. రెండోసారి ఫోనుకేసి చూడలేదు. మూడోసారి మాట సరిగా వినపడలేదు. నాలుగోసారి తీయబోతూ దేబాశిష్ ఆగి, మామూలుగానే అడిగాడు. ఇంత మాట నీకు ఎలా తోచింది నానీ, ఎవరైనా చెప్పి రాయించారా అని.

బంగారమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తోంది.

"ఎవరూ రాయించలేదు. నాకే తోచింది" అంది వీణ ఒడియాలో.

బంగారమ్మ తలెత్తలేదు. నాలుగోసారి వీడియో బాగా వచ్చిందన్నారు.

ఇక బొమ్మ. క్షమాపణ చెప్పడం కంటే ఇదే తేలికనుకుంది. రోజూ చేసే పనే కదా. జవాన్లు, జెండా, వెనక విమానాలు ఒక్కపూటలో అయిపోయాయి. గురువమ్మ దగ్గర ఆగిపోయింది. చేయెత్తి దీవిస్తున్నట్టు ఒళ్ళంతా వచ్చింది. ముఖం రాలేదు. నవ్వు పెడితే దుకాణంలో పళ్ళపొడి ప్రకటనలా ఉంది. గంభీరంగా పెడితే ఎవరో తెలియని ముసలిది. కళ్ళలో నీళ్ళు పెడితే ఈ బొమ్మకి పనికిరాదు. అమ్మమ్మ ముఖాన్ని కళ్ళు మూసుకుని కూడా గీయగల మనిషి, రెండురోజులు కూర్చుని ఇరవైసార్లు చెరిపింది. మనోరంజన్ వచ్చి వెనక నిలబడి చూసి, వెళ్ళి టీ తెప్పించాడు.

చివరికి ఆమె ముసలావిడని వెనక్కి తిప్పేసింది. చూసేవాళ్ళకి గురువమ్మ వీపు, తెల్లటి కొప్పు, ఎత్తిన చేయి కనిపిస్తాయి. ఆమె ముందు జవాన్లు నడిచిపోతున్నారు. చంకలో చీపురు తీసేయమన్నారు, తీసేసింది.

దేబాశిష్ చూసి మొదట ముఖం ఏదని అడిగాడు. జవాన్లకేసి చూస్తోందని చెప్పింది. అతను, బాగుంది నానీ, అందరూ అటే చూడాలి అన్నాడు. ఇరవై అడుగుల ఫ్లెక్సు. దానికి అంచులు మడిచి రింగులు కొట్టే పని వీణ స్వయంగా చేసింది. ఆ పని ఇంకొకరి చేత చేయించాలనిపించలేదంది. యాత్ర రోజున దాన్ని లారీకి కట్టి ఊరేగించారు. తర్వాత పెద్ద కూడలిలో ఇనప చట్రానికి కట్టారు. ఆమె ఇంటికీ దుకాణానికీ మధ్య ఉన్న దారి అదొక్కటే.

కథ అంతటితో ఆగితే బాగుండేది. ఫ్లెక్సు జనానికి నచ్చింది. జూన్‌లో ఒక నాయకుడి పుట్టినరోజుకి ఆ ముసలమ్మే దీవించాలని ఆర్డరు వచ్చింది. తర్వాత ఒక వస్త్రదుకాణం ప్రారంభోత్సవానికి. ఆ తర్వాత గణేశ పూజ కమిటీలు, కోచింగు సెంటరు. అందరికీ అదే వీపు, అదే ఎత్తిన చేయి. ఎవరి పేరు కావాలంటే వాళ్ళ పేరు ఆ చేతి కింద పడేది. మనోరంజన్ మొదట్లో మొహమాటపడి అడిగాడు. వీణ కాదనలేదు. కాదంటే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి. ముప్పై ఏళ్ళు ఎవరినీ లెక్కచేయకుండా మాట్లాడిన మనిషి ఇప్పుడు ఊరంతటికీ, అడిగినవాళ్ళందరికీ, నోరెత్తకుండా దీవెనలిస్తోంది. వానలకి కూడలిలో ఫ్లెక్సు రంగు పోయింది, ఎవరూ తీయలేదు. జవాన్ల బొమ్మ ఉన్నదాన్ని మొదట ఎవరు విప్పుతారు?

దసరాకి మోహిత్ సెలవు మీద వచ్చాడు. కోరాపుట్‌లో రెండురోజులు ఉండి, తల్లిని వెంటబెట్టుకుని రాయగడ వచ్చాడు. ఆ రోజు కూర్మారావు నన్ను భోజనానికి పిలిచాడు. అందుకని ఈ మాటలు నేను దగ్గరుండి విన్నాను.

అన్నం తింటూ మోహిత్ ముందు కూడలిలో ఫ్లెక్సు గురించి అన్నాడు. "అమ్మమ్మ అలాగ సెయ్యెత్తి ఎప్పుడూ నిలబడలేదప్పా" అన్నాడు. వీణ అతని పళ్ళెంలో కూర వడ్డించింది. అతను అన్నం కలుపుతూ మళ్ళీ అన్నాడు.

"ఆ మొదటి బొమ్మ నాకు ఎవులో పంపేరు. మా వోళ్ళకి నాను హిందీలో సెప్పేను. బంకర్లో కూకుని ఒకటే నవ్వు. ఆ టీవీ బాబు ఎప్పుడొస్తాడని మూడ్రోజులు ఎదురుసూసేం."

గదిలో ఎవరూ నవ్వలేదు.

"మరప్పుడు ఒక్క మాట సెప్పలేకపోనావా?" అంది వీణ. ఆమె గొంతు పెరగలేదు. అయిదు నెలల్లో ఆమె ఎవరినైనా అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను.

"నాకు మాట్టాడ్డానికి నేదప్పా. ఫోన్లో రాయడానికి నేదు. నాను జవాబిస్తే ఇంకా పెద్దదవుతాదన్నారు." అతను తల దించుకున్నాడు. "సెలవు మీద ఉన్నా అంతే. రేపు ఆ కూడలిలో నిలబడి నాను సెప్పలేను."

బంగారమ్మ పళ్ళెం ముందునుంచి లేచిపోయింది. గుమ్మంలో నిలబడి ఇటు తిరక్కుండానే అంది, "ఆ మాట దీనిది కాదురా. నాది. నానే టీవీ కాడ అన్నాను. ఆ రోజు ఆళ్ళడిగితే నా నోరు పెగల్లేదు."

మోహిత్ తల్లికేసి, వీణకేసి చూశాడు. వీణ, "కూకో పిన్నీ, అన్నం సల్లారిపోతాది" అంది. బంగారమ్మ వచ్చి కూర్చుంది. తర్వాత మాటలు వేరే సంగతుల మీదికి వెళ్ళాయి. రైలు వేళలు, మోహిత్ పెళ్ళి సంబంధం. నేను కూడా ఏదో ఒకటి మాట్లాడాను. నలుగురం పెద్దవాళ్ళం, ఒక జవాను ఆ గదిలో ఉన్నాం. అసలు బొమ్మలో ఏముందో ఆ గదిలో అందరికీ తెలుసు. గుమ్మం దాటాక ఒక్కరం చెప్పలేదు.

మోహిత్ వెళ్ళిపోయిన తర్వాత ఒకరోజు పింఛనుదారుల సంఘం బ్యానరు పని మీద దుకాణానికి వెళ్ళాను. ఇంకెవరూ లేరు. మళ్ళీ గీస్తున్నావా అని అడిగాను. అప్పుడప్పుడు ప్రయత్నిస్తున్నానంది. టీవీలో ఇంకో దేశం మీద ఇంకో దేశం బాంబులేస్తోందని వార్త వస్తే, మాట నాలిక చివరికి వస్తుందట, చేయి కూడా కదులుతుందట. ముసలావిడని గీస్తే మాత్రం వీపే వస్తోందట.

"అలవాటైపోయిందేమోనండి" అంది. "ఇన్నిసార్లు గీసేను గదా."

కూర్మారావు విజయనగరం వైపు బదిలీకి అర్జీ పెట్టాడు. ఇంకా రాలేదు. వస్తే అన్నీ సర్దుకుంటాయని నేనంటే వీణ ఒప్పుకోలేదు. "ఆ ఫోన్లు అక్కడ ఉండవేటండీ?" అంది. అంతలో ఒక పెద్దాయన మనవడి అన్నప్రాశనకి ఫ్లెక్సు కావాలంటూ వచ్చాడు. వెనక్కి తిరిగి దీవించే ముసలమ్మ కావాలన్నాడు. వీణ పాత ఫైలు తెరిచి, పిల్లాడి పేరు ఏమిటని అడిగి, రాసుకుంది.